అద్దంలో కనుబొమలు

ఆయన అసలు పేరు సగం మందికి తెలియదు. చెవుల మేస్త్రి అంటే చాలు, షెడ్డుకి దారి చూపించేవారు. కారు రిపేరులో ముప్ఫై ఏళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి. బండి తెచ్చినవాళ్లే తోలాలి. తను వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఎక్కడ మోగుతోందో చెప్పడానికి వీల్లేదు, అసలు నోరే విప్పకూడదు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చేలోపు రోగం ఇదీ అని తేల్చేసేవాడు. "మేస్త్రివి పాము చెవులు" అనేవాళ్లు జనం. ఆ మాటకి ఆయన మీసం అంగుళం పైకి లేచేది.

ఆ చెవులు పోయాయి. ముందు గడియారం చప్పుడు, తర్వాత కుళాయి చప్పుడు, ఆ తర్వాత మనవరాలి గుసగుసలు. నరం చచ్చిపోయింది, ఇక రాదు అని డాక్టరు కాగితం మీద రాసి మరీ చూపించాడు. మేస్త్రి ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. ఎవరికని చెబుతాడు, ఏమని చెబుతాడు? చెవుల మేస్త్రికి చెవుల్లేవనా? ఛీ!

అందుకే వెనక సీట్లో కళ్లు తెరిచాడు. శబ్దం వచ్చినప్పుడల్లా తోలే మనిషి కనుబొమలు ముడిపడతాయి. అద్దంలో ఆ ముడి కనిపెట్టేవాడు. గుంతలో పడిందా, మలుపులో పడిందా, బ్రేకు మీద పడిందా, అది తెలిస్తే మిగతాది అనుభవం చెప్పేది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల పెదాలు చూసి ఎలాగో నెట్టుకొచ్చేవాడు. బతుకంతా దొరగా బతికి, ముసలితనంలో దొంగయ్యాడు పాపం.

ఆ ఆదివారం పొద్దున్నే కోడలు తన కారు తెచ్చింది. నర్సు ఉద్యోగం ఆమెది. ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని రోజూ కొండ దారి దిగి, వాళ్లని బడి దగ్గర దింపి ఆసుపత్రికి వెళుతుంది.

"మామయ్యా, రెండు రోజుల్నుంచి ముందు ఎడమ..."

"ఆగాగు! నా ఇంటి కోడలివి, నీకూ నేను చెప్పాలా? నోరు మూసుకుని తోలమ్మా."

ఆమె నవ్వలేదు. స్టీరింగు ముందు కూర్చుంది.

స్పీడ్ బ్రేకరు మీద ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. గుంతలోనూ ముడిపడ్డాయి. చక్రం దగ్గరి లింకు రాడ్డే, సందేహం లేదు అనుకున్నాడు మేస్త్రి. షెడ్డుకి వచ్చి, చొక్కా చేతులు మడిచి, రెండు గంటల్లో కొత్తది బిగించాడు. మళ్లీ బయల్దేరారు. అదే స్పీడ్ బ్రేకరు, అదే గుంత. అద్దంలో కోడలి నుదురు నున్నగా, కదలకుండా ఉంది.

"పోయింది, చూశావా!" అన్నాడు.

కోడలు తలూపింది. అప్పుడే సీటు మీద పెట్టిన పానా జారి కింద పడింది. దానికోసం వంగి, కారు అడుగున చెయ్యి ఆనించాడు. బండి ఇంకో గుంతలో దిగింది. ఆయన అరచేతికి కిందనుంచి ఎవరో గుద్దినట్టు తగిలింది. చెయ్యి తీయలేదు. ఇంకో గుంత, ఇంకో గుద్దు.

తలెత్తి అద్దంలో చూశాడు. కోడలి మొహంలో చలనం లేదు. కళ్లు మాత్రం ఆయన్నే చూస్తున్నాయి, నిండా నీళ్లతో.

"ఆపు" అన్నాడు.

ఆమె బండి పక్కకి తీసి, పూర్తిగా వెనక్కి తిరిగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆర్నెల్లయింది మామయ్యా. పాప వెనకనుంచి పిలుస్తుంటే మీరు తిరగలేదు. రోజంతా రోగుల్ని చూసేదాన్ని, నాకు తెలీదా? అద్దంలో నా కనుబొమలే చూస్తున్నారనీ ఇందాక కనిపెట్టాను."

"మరి ఈ శబ్దం?"

"అలాగే ఉంది."

"ఉంటే మొహం అలా బిగబట్టుకుని కూర్చుంటావా? రేపు పిల్లల్ని ఇందులోనే కొండ దింపుతావా?"

"మీకు తెలీకుండా ఇంకోచోట చూపిద్దామనుకున్నాను. మీరు బాధపడతారని."

మేస్త్రి గుండెలో రాయి పడింది. జాకీ ఎక్కించి, కడ్డీ పెట్టి ఒక్కొక్కటీ కదిపి చూస్తే ఎవడైనా పట్టగలడు. కానీ ఆ పని ఆయన ఏనాడూ సరిగ్గా నేర్వలేదు, చెవుల్లేని వాళ్ల పని అని వెక్కిరించేవాడు. ఇప్పుడు తన చేతుల్ని నమ్మి మనవల ప్రాణాలు పందెం కాయలేడు.

"మన ఎదురు షెడ్డుకి పోనీ" అన్నాడు.

ఎదురు షెడ్డు శిష్యుడిది. నాలుగేళ్ల కిందట, "నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా" అని నలుగురిలో తిట్టి పంపేసింది వాణ్నే. ఆ ఎగతాళి ఇంత త్వరగా తనకే తగులుతుందని ఆయనకి తోచనేలేదు.

శిష్యుడు చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వెనక తలుపు తీసి, గురువు మొహం చూసి ఆగిపోయాడు. "మీరు కూర్చోండి గురువుగారూ."

"నువ్వే కూర్చో" అని మేస్త్రి ముందు సీటెక్కాడు. ముప్ఫై ఏళ్లలో అలా ముందు కూర్చోవడం అదే మొదలు.

శిష్యుడు కళ్లు మూసుకున్నాడు. ఎవరూ మాట్లాడొద్దని కాబోలు వేలు చూపించాడు. అది తను నేర్పిందే. వీధి మధ్యలోకి రాగానే అద్దంలో వాడి పెదాలు కదిలాయి. కోడలు తెల్లబోయి బ్రేకు తొక్కింది. పెదాలు మళ్లీ కదిలాయి. ఈసారి ఆమె గభాలున తల వంచుకుంది.

"ఏమన్నాడమ్మా?"

ఆమె ఆయన వైపు తిరిగింది. "బాల్ జాయింటట మామయ్యా. రేపో మాపో చక్రం ఊడేదట."

"తర్వాత ఇంకేదో అన్నాడు."

"ఏం లేదు మామయ్యా."

"చెప్పు."

ఆమె పెదాలు వణికాయి. "ఇంత గట్టిగా మోగుతుంటే గురువుగారికి వినిపించలేదా, అన్నాడు."

మేస్త్రి మెల్లగా వెనక్కి తిరిగాడు.

"వినిపించలేదురా" అన్నాడు. నెమ్మదిగానే అన్నాననుకున్నాడు. వీధిలో పోయేవాళ్లంతా ఆగి, కారు వైపు చూశారు.