నడిచి చూసిన చెప్పులు

మా కోడలు ఇంట్లో చెప్పులు కుట్టడం మళ్లీ మొదలుపెడతానన్నప్పుడు నేను వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. నాలో ఓపిక అయిపోయింది. బజార్లోకి రబ్బరు చెప్పులు దిగాక పని చేసుకునే ముందు గదికి తాళం వేసి, తోలు కుట్టే ఆరెలూ కత్తులూ డబ్బాలో పెట్టేశాం. మా అబ్బాయి గోడౌన్‌లో పనికి కుదిరాడు. ఆ డబ్బా మూత మళ్లీ తీసింది కోడలే. కుట్టు నేనే నేర్పాను. మంచి చెయ్యి.

కుట్టడం వచ్చింది గానీ కొనేవాళ్లు రాలేదు. చూసినవాళ్లంతా బాగున్నాయనేవాళ్లు, ధర వినగానే మెల్లగా జారుకునేవాళ్లు. చివరికి మావాడు తేల్చేశాడు.

"పెద్దబజారు చెప్పుల షాపాయన చూడ్డానికొస్తున్నాడుగా. ఆయన కూడా వద్దంటే గది జిరాక్స్ వాళ్లకి అద్దెకిచ్చేద్దాం."

కోడలు సరేనంది. ఆ రాత్రే తోలు ముందేసుకుని కూర్చుంది.

షాపాయనకి చూపించే జతలన్నీ నా కాలి కొలతకే కుట్టి, జాగ్రత్తగా పెట్టమని నాకిచ్చింది. ఇంటి మనిషి తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి రానిదే మేం ఏ జతా అమ్మేవాళ్లం కాదు. మా నాన్న అంతే, నేనూ అంతే. అందుకని మోకాళ్లు పట్టేస్తున్నా ఒక్కో జతా తొడుక్కుని నడిచాను. తర్వాత తుడిచి, నూనె రాసి పెట్టాను.

షాపాయన వచ్చాడు. కుట్టు చూశాడు, తోలు వంచి చూశాడు, తల ఊపాడు. అప్పుడు తిరగేసి అడుగు చూశాడు.

"ఏమ్మా, వాడిన చెప్పులు చూపిస్తున్నావా?"

కోడలు నా వైపు చూసింది.

"నేనే నడిచానండీ," అన్నాను. "నడవకపోతే ఎక్కడ కరుస్తుందో ఎలా తెలుస్తుంది?"

"కరిస్తే కొన్నవాణ్ని కరుస్తుంది పెద్దాయనా, మిమ్మల్నీ నన్నూ కాదుగా!"

"వాడు మళ్లీ మీ షాపు గడప తొక్కుతాడా?"

ఆయన నవ్వాడు గానీ చెప్పులు కింద పెట్టేశాడు. "గీతలు పడ్డ సరుకు అద్దాల బీరువాలో ఎలా పెట్టను? నేల తగలని జత ఒకటి పంపండి, చూస్తా."

ఆయన వెళ్లగానే కోడలు అందుకుంది.

"ఒక్క మాట అడిగితే ఏం పోయింది మామయ్యా? రేపు జిరాక్స్ మిషన్ వస్తే దానిమీద కూడా నడుద్దురు గాని!"

గీతలు పడ్డ జతలన్నీ తీసి పక్కన పెట్టాను.

ఇంకో జత కుట్టి తెచ్చింది. లోపల చెయ్యి పెట్టి నొక్కి చూశాను.

"చేతికేం తెలుస్తుందమ్మా. కాలికే తెలియాలి. పంపేస్తానంటే పంపెయ్."

కోడలు లేచి, నా మంచం మీది బొంత లాగి గోడ నుంచి గోడకి పరిచింది.

"దీనిమీద నడవండి."

"పక్క బొంత మీద చెప్పులతోనా? మీ అత్తే ఉంటే చీపురు తిరగేసేది."

"ఆ దెబ్బలేవో నేను తింటాలెండి. నడవండి."

నడిచాను. గోడ తగలగానే తిరగడం, మళ్లీ రావడం. గానుగెద్దు నయం. చిటికెనవేలి దగ్గర కరిచింది. చెప్పాను. కుట్టు విప్పి, ముడి పక్కకి జరిపి, మళ్లీ కుట్టింది. మళ్లీ నడిచాను. ఈసారి కరవలేదు.

ఆ జత పంపితే, షాపాయన ధర కాస్త తగ్గించి, బీరువా నిండా కావాలని కబురు పెట్టాడు. మావాడు జిరాక్స్ వాళ్లకి గది లేదని చెప్పొచ్చాడు.

మంచం మీద వాలబోతే బొంత లేదు, కిందే ఉంది. కోడలు ఇంకో కొత్త జత పట్టుకుని వచ్చింది.

"మోకాళ్లు నొప్పిగా ఉంటే రేపు చూద్దాం లెండి, మామయ్యా."

"రేపటికి తగ్గుతాయా ఏంటి? ఇటివ్వు," అన్నాను.