స్టేషన్ మాస్టరు కోటు

పాత స్టేషన్లో నాన్న బొమ్మ నిలబెడుతున్నామని, దానికి తెల్ల కోటు కుట్టిపెట్టమని చెల్లెలు వచ్చి అడిగినప్పుడు అక్క మిషను ఆపలేదు.

"ఊళ్ళో ఇంకో దర్జీ దొరకలేదా?"

"నాన్న కొలతలు నీకే కదే తెలుసు."

అక్కను ఊరంతా కత్తెరక్క అనేవాళ్ళు. చేతిలో కత్తెర ఉన్నందుకు కొంత, నోట్లో ఉన్నందుకు ఇంకొంత. చెల్లెలు బడిలో టీచరు. రైలు దారి ఊరి బయటికి మారిపోయాక పాత స్టేషను పాడుబడింది. దాన్ని పడగొట్టి లారీలు నిలుపుకుందామన్నారు. చెల్లెలూ, బ్యాంకులో రిటైరైన మేనేజరుగారూ, మరికొందరూ కాళ్ళరిగేలా తిరిగి ఆ పని ఆపించారు. పగిలిన పెంకులు మార్పించారు. టికెట్ల కిటికీ ఇత్తడి ఊచలు తోమించారు. తలుపుల మీద పొరలు కట్టిన రంగు గీకించి అసలు చెక్క బయటపెట్టారు. ఇక మిగిలింది స్టేషన్ మాస్టరు గది. ఒకప్పుడు అందులో కూర్చున్నది వీళ్ళ నాన్నే.

"బొమ్మ చేతిలో ఏం పెడతారు? పచ్చజెండానా, నా జడా?" అంది అక్క.

చెల్లెలు మొహం మాడ్చుకుంది. "మళ్ళీ మొదలెట్టావూ?"

మొదలెట్టింది అక్క కాదు. పెళ్ళీడులో ఆమెకు పెద్దాసుపత్రిలో నర్సు శిక్షణకి చోటు దొరికింది. నాన్న వద్దన్నాడు. చెప్పకుండా రైలెక్కింది. బండి కదిలాక నాన్నకు తెలిసింది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ మీద కేకలేసి, బండికి దారిస్తూ పడిన సిగ్నల్ మళ్ళీ ఎత్తించి, బండి ఆపించాడు. పెట్టెలోంచి కూతుర్ని జడ పట్టి దింపాడు. కిటికీల నిండా జనం చూశారు. బండి ఎందుకు ఆగిందని పైవాళ్ళు వచ్చి అడిగితే, పాయింట్స్‌మన్ పొరపాటు చేశాడని చెప్పాడు. ఆ మనిషి ఉద్యోగం పోయింది. బతికినన్నాళ్ళూ గోదాముల దగ్గర మూటలు మోశాడు.

"బొమ్మ పెట్టుకోండి," అంది అక్క. "పక్క గోడకి పాయింట్స్‌మన్ ఫొటో పెట్టి, ఏం జరిగిందో రాయండి. అప్పుడే కుడతా."

"పోయినవాళ్ళ పరువు తీస్తావా?"

"బతికున్నవాడి పొట్ట కొట్టిన రోజున ఆ పరువు ఎక్కడికెళ్ళింది?"

మర్నాడు మేనేజరుగారే వచ్చారు. "అలాగేనమ్మా, చరిత్రన్నాక అన్నీ ఉండాలి," అని నవ్వారు. ఆ మాట నమ్మి అక్క బట్ట పరిచింది. నాన్న కుడి భుజం కాస్త కిందికి ఉండేదని ఆమె చేతులకే గుర్తుంది. తిట్టుకుంటూనే కుట్టింది గాని, కుట్టు ఎక్కడా వంకర పోనివ్వలేదు.

ప్రారంభం రోజున గది కిటకిటలాడింది. అక్క లోపలికెళ్ళి నాలుగు గోడలూ చూసింది. పాయింట్స్‌మన్ ఫొటో ఉండాల్సిన చోట మేనేజరుగారి మామగారు ఎవరో అధికారితో చెయ్యి కలుపుతున్న ఫొటో ఉంది.

"ఏదండీ నేనడిగిన ఫొటో?"

"చూడ్డానికొచ్చేవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పాలి కదమ్మా. ఆ పాతగొడవ ఇప్పుడెందుకు?"

"ఏరు దాటి తెప్ప తగలేశారన్నమాట."

అక్క బొమ్మ దగ్గరికి నడిచి కోటు గుండీలు విప్పసాగింది. చెల్లెలు పరుగున వచ్చి కోటు పట్టి లాగింది. అక్క కుట్టు కాబట్టి తెగలేదు, చెల్లెలే తూలింది.

"నలుగురిలో నాన్న ఒంటి మీద గుడ్డ లాగుతావా! సిగ్గు లేదుటే?"

"నలుగురిలో నా జడ లాగినప్పుడు ఆయనకుందా?"

బొమ్మ బట్టల కొట్టుది. కోటు పోయేసరికి గులాబీరంగు ఛాతీ మీద "ముట్టుకోరాదు" అన్న చీటీ బయటపడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చెల్లెలు తెల్లబోయిన మొహంతో, "ఇవాళ్టితో నాకు అక్క లేదు," అంది. అక్క కోటు చంకన పెట్టుకుని జనంలోంచి బయటికి నడిచింది. ఆ రోజు మిషను ముందు కూర్చోలేకపోయింది.

వచ్చినవాళ్ళల్లా బొమ్మకి కోటు ఎందుకు లేదని అడగడం, ఊళ్ళో ముసలివాళ్ళు కథంతా చెప్పడం మామూలైపోయింది. మింగలేక కక్కలేక చివరికి మేనేజరుగారు పాయింట్స్‌మన్ ఫొటో తగిలించారు. కింద "కొన్ని కారణాల వల్ల ఉద్యోగం వదులుకున్నారు" అని రాయించారు. అక్క వెళ్ళి చదివింది. అటునుంచి అటే ఆయన ఇంటికెళ్ళింది.

"ఏ కారణాల వల్ల?"

"రామ్మా, కూర్చో, మాట్లాడుకుందాం."

"కూర్చోవడానికి రాలేదు. మీరు రాయిస్తారా, నేనే రంగుడబ్బా పట్టుకెళ్ళనా?"

ఆయన కోటు విప్పిన ఆమె చేతివంక చూసి, రాయిస్తానన్నారు. ఈసారి రాయించారు కూడా. ఎవరు ఎవరిని బండి ఆపమన్నారో, ఎవరు అబద్ధం చెప్పారో, ఎవరు మూటలు మోశారో అంతా గోడ మీద ఉంది. అక్క మాట తప్పలేదు. కోటు తెచ్చి తనే తొడిగి, పై గుండీ దాకా పెట్టి వెళ్ళిపోయింది.

అక్కాచెల్లెళ్ళ మధ్య మాత్రం మాటల్లేవు. చెల్లెలు ఏటా బడి పిల్లల్ని స్టేషనుకి తీసుకొస్తుంది. ఆ గోడ దగ్గరికి రాగానే, "పదండి, పదండి," అంటూ వాళ్ళను టికెట్ల కిటికీ వైపు తోలుతుంది. చదవడం వచ్చిన పిల్లలు మాత్రం ఆగిపోతారు.