బురదకు మూడు కోటింగుల వార్నిష్

మా మరిది బల్లలకు పాలిష్ పెట్టడంలో దిట్ట. ఆ సంగతి డైరెక్టర్ చెవిన వేసింది నేనే. నా నోటికి తాళం పడాలి!

చెరువు అడుగు నుంచి తీసిన బురద గొట్టాన్ని మా ల్యాబ్‌లో మేం నిలువునా రెండుగా కోస్తాం. ఒక సగం పరీక్షలకు. రెండోది దాచిపెట్టే సగం, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. బురదలో బరువు కార్బన్, తేలిక కార్బన్ పాళ్లు కొలిస్తే ఏ కాలంలో వానలు పడ్డాయో, చెరువు ఎప్పుడు ఎండిపోయిందో తెలుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ తూకాలన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. కిందటేడు ఒకచోట, రెండు వేళ్ల మందంలో, అంకె ఉన్నట్టుండి మారిపోయింది. వేల ఏళ్ల కిందట ఘోరమైన కరువు ముప్ఫై ఏళ్లలోనే ముంచుకొచ్చిందని దానర్థం.

"నీ చేతి చెమట అంటుకుని ఉంటుందిలే" అని డైరెక్టర్ నవ్వారు. ఆ సంగతి రాసి పంపితే, సైన్సు పత్రిక వాళ్లు మాత్రం దాచిన సగంలో మళ్లీ కొలిచి చూపమన్నారు. పరీక్షల సగంలో ఆ ముక్క అయిపోయింది. చెరువును పూడ్చేసి కార్లు నిలుపుతున్నారు. ఇక మిగిలింది ఆ దాచిన సగమొక్కటే.

బుధవారం చల్లగది తలుపు తీస్తే దాని చోటు ఖాళీ. మరిది పాలిష్ పని చేస్తున్న హాల్లోకి పరుగెత్తాను. కొత్త అద్దాల పెట్టెలో నా బురద నిగనిగలాడుతోంది.

"మూడు కోటింగులు వదినా!" మరిది మొహం వెలిగిపోతోంది. "మీ మట్టి భలే పీల్చేసిందిలెండి."

"ఎవరు వెయ్యమన్నారు?"

"డైరెక్టర్ గారే. నిన్న దగ్గరుండి వేయించుకున్నారు."

అతన్ని అని ఏం లాభం? వార్నిష్‌లో ఎక్కువగా ఉండేది కార్బనే అని, అది కలిస్తే మట్టి అంకె చెడిపోతుందని అతనికేం తెలుసు! తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్లాను.

"అతిథులొస్తున్నారమ్మా. పైపైన గీకి కొలుచుకో, లోపల మట్టే కదా" అన్నారు. అడుగుదాకా ఇంకిపోయిందని చెప్పాను. "సరే, పాలిష్ అతను పొరపాటున పూశాడని రాసెయ్, గొడవ వదిలిపోతుంది."

ఒళ్లు మండిపోయింది. నా చెమట చుక్కను చూసి నవ్విన మనిషి, డబ్బాడు వార్నిష్ కుమ్మరించి ఆ తప్పు మా మరిది నెత్తిన రుద్దుతాడా?

వెళ్లి అద్దాల పెట్టె తెరిచాను. ఆ రెండు వేళ్ల మందం కోసి, ఎండబెట్టి, తూచి, మెషీన్‌లో పెట్టాను. వచ్చిన అంకెను పత్రికకు పంపాను, కింద నా సంతకంతో: "ఇది ఆ కరువు అంకె కాదు. మొన్న మంగళవారం డైరెక్టర్ గారు పూయించిన వార్నిష్‌ది. ఆ కరువు నిజమో కాదో ఇక ఎవరూ చెప్పలేరు."

అదే కాగితం ఇంకొకటి అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్లాను. అతిథులు కూడా చదువుకోవాలిగా. మరిది దాన్ని రెండుసార్లు చదివాడు. నాలుగు మూలలా టేపు వేశాడు.