రైలును గెలిచిన కారు

శరత్కాలాంతమున మంచుతెర యించుక తొలఁగి, కొండవాలు చోడిచేలపై లేఁతయెండ పసిఁడిపూఁత పూసినట్లు పరచుకొనుచుండఁగా, సాలూరు దాఁటి ఘాటురోడ్డు మొదలగు చోటనున్న యొక పల్లెలో, కూర్మినాయుని పెంకుటింటి ముంగిట నొక ముదుసలి కారు మోకాలు విఱిగిన యేనుఁగువలె నొక ప్రక్కకు నొఱగి నిలిచియుండెను. చదువరులారా! ఇట్టి కారు మూఁడు జిల్లాలలో లేదు. ఒకప్పుడు రైలునే యోడించినది. ఈ కథలో నొక్క యక్షరమైనను కల్పితము లేదని కథకుఁడు మీసముపైఁ జేయి వైచి పలుకుచున్నాఁడు.

సంతజనులను పెండ్లివారిని డప్పుల మేళములను జీవితమెల్ల ఆ కారునఁ గొండ యెక్కించి దింపిన కూర్మినాయుఁడు, రైలు తప్పిన పెండ్లికుమారునొకని దానిలోఁ గూర్చుండఁబెట్టుకొని తరువాతి స్టేషనున రైలుకంటె ముందు దింపిన వృత్తాంతమును టీకొట్టు కడఁ జెప్పనినాఁడు లేదు. చెప్పిన కొలఁది కారు వేగము హెచ్చెడిది, రైలునకుఁ బెట్టెలు పెరిగెడివి.

ఆ యుదయమున నతని ముంగిట నిరువురు నిలిచిరి. ఒకఁడు సమ్మెట చేఁబట్టిన పాతయినుము వర్తకుఁడు మస్తాను. రెండవవాఁడు కూర్మినాయుని యక్కకొడుకు లక్ష్మున్నాయుఁడు.

"మావా! రైలును గెలిచిన బండిని ముక్కలు చేయించెదవా? నాకమ్ముము. సంతకు మనుష్యులను దోలుకొని బ్రదికెదను."

"ఓరి పిచ్చివాఁడా! దీనికి బ్రేకు లేదు, అడుగు లేదు, నమ్మకము లేదు."

ఆ సీమ పశువుల సంతలోఁ బ్రియమైన యెద్దును అమ్ముకొనువాఁడు దృష్టి తగులునను వెఱపున దానిని కుంటిదనియు గ్రుడ్డిదనియు దూషించుట వాడుక. కొనువాఁడును ఆ దూషణమును బట్టియే దాని మేలు గ్రహించును. కావున లక్ష్మున్నాయుఁడు చిఱునవ్వు నవ్వి "ఎంత తిట్టితివో యంత మంచి బండి యన్నమాట!" అనెను.

"ఆనాఁడు పట్టాలపైఁ బండుకొన్న దున్నపోతు లేచువఱకు రైలు కదలలేదురా అల్లుఁడా! మేము నడచి పోయినను గెలిచెడివారము."

మస్తాను ఫక్కున నవ్వెను. అల్లుఁడు మాత్రము "ఇదియును దిట్టేనా మావా?" అనెను.

అంతఁ గూర్మినాయుఁడు తలుపు తీసి కాళ్లకడ పఱచిన గోనెసంచిని లాగెను. కారు క్రింద మన్ను గెలుకుచున్న కోడిపెట్ట యొకటి యడుగురేకునఁ బడిన రంధ్రమునుండి తల యెత్తి వారిని జూచెను.

"రేకు వేయించెదను."

"వేయింతువు. తొలిసారి యెవ్వరి నెక్కింతువు?"

"నా యింటిదానినే. నెలలు నిండుచున్నవి గదా! కొండమీఁది పుట్టింటికిఁ బురిటికిఁ దీసికొనిపోయెదను."

టీ చల్లాఱులోపలఁ గాలక్షేపమునకై చెప్పుకొన్న మాట, యెవ్వరికిని గీడు చేయని మాట, నేఁడు నిండుచూలాలి నెక్కించుకొని బ్రేకు లేక ఘాటురోడ్డున వెనుకకు జాఱుచున్నట్లు కూర్మినాయుని కన్నులకుఁ గట్టెను. అతఁడు కారు ముక్కును మెల్లగాఁ దడవి, మస్తాను చేతి సమ్మెట నందుకొనెను.

"నాయుడుగారూ, తమకేల శ్రమ? నేను గొట్టెదను."

"తొలి దెబ్బ పరుల చేతఁ దిననీయను."

సమ్మెట పడెను. ఏండ్లతరబడి మూఁగవోయిన హారను ఒక్కమాఱు దీర్ఘముగాఁ గూసెను. కొండలు మాఱుపలికెను. ప్రియమైన యెద్దును దిట్టువాఁడుండునుగాని దానిపై సమ్మెట నెత్తువాఁడుండఁడని యెఱిఁగిన లక్ష్మున్నాయుఁడు కారు తలుపుపైనున్న తన చేతిని నెమ్మదిగాఁ దీసికొనెను.

చదువరులారా! కథకుని ప్రతిజ్ఞ యొకచోటఁ దప్పినది. మీసమే లేదు గనుక దోషము లేదు. హారను మ్రోఁగెననుట కల్పితము. దానిలోఁ గందిరీగలు గూడు పెట్టి చాలకాలమైనది. ధ్వని వినవచ్చుట మాత్రము నిజము. అది వెడలిన మేనమామ వైపునకు లక్ష్మున్నాయుఁడు చూడలేక, బెదరి పాఱిన కోడిపెట్టను వెదకువానివలెఁ దల త్రిప్పుకొనెను.