ఖాళీ అనుకున్న సీటు

కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఆ షెడ్డులో మాటల కంటే మిషను చప్పుడే ఎక్కువ. ఆ మధ్యాహ్నం మాత్రం కుట్టుపనివాడి బావ కారు తెచ్చాడు. బావ ఉన్నచోట నోటికి సెలవుండదు.

డ్రైవరు పక్కన, అక్క కూర్చునే సీటు పాత కవరు విప్పుతుంటే, మెత్త కిందనున్న పల్చటి సెన్సర్ పట్టీకి కత్తెర తగిలి చిరిగింది. సీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ కారుకు చెప్పేది అదే. తాళం తిప్పగానే ఎదుట ఎర్ర దీపం వెలిగింది.

"కొత్త పట్టీ తెప్పించాలి బావా. వారం పడుతుంది."

"వారం రోజులు ఈ ఎర్రకన్ను చూస్తూ నడపాలా? ఇంట్లో మీ అక్క చూపులు చాలవూ? ఆర్పెయ్ బామ్మర్దీ."

"ఆర్పడం తేలికే, కానీ..."

"తేలికైతే ఇంకేం."

అతను రెండు తీగల మధ్య చిన్న ముక్క అతికించాడు. దీపం ఆరింది. ఆ సీటు ఎప్పుడూ ఖాళీయేనని కారు నమ్మింది. ఖాళీ సీటు ముందు ఎయిర్ బ్యాగ్ తెరుచుకోదు. ఆ సంగతి అతనికి తెలుసు. పట్టీ వచ్చాక మార్చేద్దామనుకున్నాడు. పట్టీ వచ్చింది. "బండి బాగానే ఉందిగా, చూద్దాంలే" అని బావ రెండుసార్లు దాటేశాడు. మూడోసారి ఇతనూ అడగలేదు. మనలో ఎందరం మూడోసారి అడుగుతాం?

నెల తిరక్కుండా కారు కల్వర్టు గోడను గుద్దింది. బావ ముందు బ్యాగ్ విచ్చుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అక్క బెల్టు పెట్టుకునే ఉంది. అయినా తల విసురుగా వెళ్ళి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. కారు లెక్కలో అక్కడ మనిషే లేదు.

తొమ్మిదో రోజున డాక్టరు చెప్పాడు, ప్రాణానికి భయం లేదు గానీ మనుషుల్ని గుర్తుపడుతుందని ఆశ పెట్టుకోవద్దని.

వార్డు బయట బల్ల మీద అతను బావకు అంతా చెప్పాడు. బావ నేల చూస్తూ అన్నాడు.

"నీ చేతిలో ఏముందిరా. దాని రాత."

పక్కనున్న పెద్దమ్మ తలాడించింది. "అంతే నాయనా. రాతను తప్పించేదెవరు."

"రాత కాదు పెద్దమ్మా. పట్టీ నేను కోశాను. దీపం ఆర్పమని బావ అన్నాడు, నేను ఆర్పాను. ప్రమాదం ఉందని కారు చెబుతుంటే దాని నోరు మూశాం. బాగుచేశామనుకున్నాం."

"ఇప్పుడవన్నీ తవ్వుకుని ఏం లాభం. నలుగురూ వింటారు, ఊరుకో," అన్నాడు బావ.

అతను ఊరుకున్నాడు. లోపలికి వెళ్తే అక్క చూపు అతని మీదుగా గోడ దాకా పోయింది.

మన చేతులు చేసిన తప్పుకు రాత అని పేరు పెట్టుకున్నంత కాలం, అలాంటి సీట్లో ఇంకొకరి అక్క కూర్చుంటూనే ఉంటుంది.