ఊడిరాని కప్లర్

మా మామయ్యగారికి పళ్లన్నీ తీసేశారు. కట్టుడు పళ్లు రావడానికి ఇంకా టైముంది. అప్పటిదాకా నోరు విప్పేది లేదని ఆయన భీష్మించుకు కూర్చున్నారు. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఏం కావాలన్నా సైగలే. గలగలా మాట్లాడే మనిషి మూగనోము పట్టేసరికి ఇల్లు బావురుమంటోంది. గంజి ఇస్తే మొహం తిప్పేసుకుంటారు. కూరా అన్నం మిక్సీలో మెత్తగా రుబ్బి ఇస్తే మాత్రం, గోడవైపు తిరిగి నాలుగు చెంచాలు తింటారు. ఆయన ఒంట్లోకి పోతున్న తిండి అదొక్కటే.

ఆదివారం పొద్దున ఆ మిక్సీ మొరాయించింది. మోటారు గుర్రుమంటుంది, జారులో బ్లేడు కదలదు. జారు ఎత్తి చూస్తే, దాన్ని తిప్పే రబ్బరు కప్లర్ పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఈ ఇంట్లో పళ్లకే ఏదో గ్రహచారం పట్టిందనుకున్నాను.

మా ఆయన బజారుకి పరుగెత్తి కొత్త కప్లర్ తెచ్చారు. "చిటికెలో పని" అన్నారు. ఆయన చిటికెలు నాకు తెలుసు. మిక్సీని పక్కకి పడుకోబెట్టి, అడుగు మూత విప్పి, మోటారు ఇరుసు తిరగకుండా స్క్రూడ్రైవర్ ఆనించి పట్టుకోమన్నారు. పాత కప్లర్‌ని కటింగ్ ప్లేయర్‌తో పట్టి ఎడమకి తిప్పారు. రాలేదు. ఏదైనా రాకపోతే అదే పని ఇంకా గట్టిగా చేయడం మా ఇంటి ఆనవాయితీ. చొక్కా విప్పి మరీ తిప్పారు.

"సరిగ్గా పట్టుకోవే!"

"నేను పట్టుకునే ఉన్నాను, మీరే ఊగిపోతున్నారు."

"తుప్పు పట్టినట్టుంది. సుత్తి ఇలా ఇవ్వు."

ఆ మాటకి కుర్చీలోంచి మామయ్యగారు లేచి చేతులు ఊపారు. ఆకలేమోననుకుని, "అయిపోయింది మామయ్యా, ఒక్క క్షణం" అన్నాను. ఆయన తల కొట్టుకున్నారు. మా ఆయన సుత్తి పైకెత్తారు.

"ఒరేయ్, ఆగరా!"

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మామయ్యగారు తువ్వాలు విసిరికొట్టి, బోసినోరు బార్లా తెరిచి అరుస్తున్నారు.

"అటు తిప్పితే బిగుస్తుందిరా! మోటారు తిరిగే వైపే తిప్పాలి. లేకపోతే ఆడించినప్పుడల్లా అదే ఊడొచ్చేది కాదూ? పోయినసారి మార్చింది నేనేగా, అడిగి చావొచ్చుగా!"

మా ఆయన బలమంతా పెట్టి కుడికి తిప్పారు. కప్లర్ చటుక్కున ఊడొచ్చింది, దాంతోపాటు ఆయనా వెల్లకిలా పడ్డారు. మామయ్యగారు పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ గుర్తొచ్చి చెయ్యి నోటిదాకా తీసుకెళ్లారు. మేమూ పగలబడి నవ్వుతున్నాం, కానీ ఆయన నోటిని చూసి కాదు. అది గ్రహించారు కాబోలు, చెయ్యి దించేశారు.

మధ్యాహ్నం మాకు ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని, రుబ్బిన కూరా అన్నం ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు.

"ఉప్పు తగ్గిందమ్మా."

నా వంటకి వంక పెడితే నాకు ఒళ్లు మండుకొస్తుంది. ఆ పూట మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి, ఇంకేం తగ్గిందో చెప్పమని పక్కనే కూర్చున్నాను.