మంచులో ఈదిన చేపలు

ఆ కొండ ఊరికి వచ్చే బస్సు చాలాసార్లు ఖాళీగానే వచ్చి, ఖాళీగానే దిగిపోయేది. బడి మూతపడింది. కిరాణా కొట్టు షట్టరు తుప్పు పట్టింది. తాళాలు పడ్డ ఇళ్ళ మధ్య పొగమంచు మాత్రం ఇంటి మనిషిలా తిరుగుతుండేది.

అక్కడ ఒక సందులో ఎదురెదురు ఇళ్ళలో ఇద్దరు తోటికోడళ్ళు ఉండేవారు. పెద్దామె బట్టలు కుట్టేది. చిన్నామె పట్నంలో దుకాణాలకు బోర్డులు రాసేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక భర్తతో తిరిగొచ్చేసింది. అన్నదమ్ములు వాటాలు పంచుకున్ననాటి నుంచి ఆడవాళ్ళిద్దరికీ మాటల్లేవు. మగవాళ్ళు మాత్రం ఏమీ జరగనట్టు అరుగు మీద కబుర్లు చెప్పుకునేవారు.

చేతులు ఊరుకోక, చిన్నామె ఒకరోజు మిగిలిన రంగుడబ్బాలు తీసి తన ఇంటి ముందుగోడ మీద సముద్రం వేసింది.

పెద్దామెకు ఒళ్ళు మండింది. "పొద్దున్నే కిటికీ తీస్తే ఈ చేపల మొహాలు చూడాలా? నన్ను ఉడికించడానికే ఈ వేషాలు!"

"కిటికీ మూసుకోరాదూ?" అన్నాడు భర్త.

మూసుకుంటే సూదిలో దారం ఎక్కదు. కొరకొరా చూస్తూనే కుట్టుకుంది.

మర్నాడు లోయలోంచి మంచు లేచింది. ముందు గోడ మాయమైంది, తర్వాత ఇల్లే మాయమైంది. తెరలు తెరలుగా కదిలే ఆ తెల్లదనంలో నీలిరంగు తోక ఒకటి మెరిసి ఆరిపోయింది. కాసేపటికి ఇంకోచోట ఎర్రటి చేప. పెద్దామె మిషను తొక్కడం మరిచిపోయింది. సముద్రం చూసి ఎరగని ఆమెకు తన గది, కత్తెర, సగం కుట్టిన చొక్కాలు అన్నీ నీళ్ళ అడుగున మెల్లగా ఊగుతున్నట్టనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి నడిచింది.

"ఆ పెద్ద చేపకి కన్ను పెట్టలేదేం?"

మంచులోంచి వచ్చిన ఆ గొంతుకు చిన్నామె కుంచె ఆగిపోయింది. "నల్లరంగు అయిపోయిందక్కా."

"కన్ను లేకుండా ఎటు పోతుంది పాపం? నా దగ్గర పెద్ద గుండీ ఉంది, అతికించు."

"గోడకి గుండీ ఏంటక్కా!" చిన్నామె నవ్వేసింది. పెద్దామె నవ్వు బిగబట్టబోయింది గానీ వల్ల కాలేదు.

గుండీ అతుక్కుంది. "మరి నా గోడ ఏం పాపం చేసింది?" అంది పెద్దామె.

బస్సులో రంగులు తెప్పించుకున్నారు. అలా గోడ తర్వాత గోడ, సందు దాటి వీధంతా సముద్రమైంది. బస్సు డ్రైవరు కింద ఊళ్ళన్నిటా చెప్పాడు, పైన మంచులో చేపలు ఈదుతున్నాయని. నవ్వినవాళ్ళే చూడ్డానికి ఎక్కివచ్చారు. ఎండ కాస్తే చేపలు కదలవు కదా, మంచు కోసం ఆగాలి. ఆగాలంటే పడుకోవడానికి చోటు కావాలి, తినడానికింత వేడిగా కావాలి. మూసిన గదులు దులిపారు. కిరాణా షట్టరు కీచుమంటూ పైకి లేచింది.

ఒకరోజు తీరం నుంచి ఒక జాలరి ఆవిడ ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది. మంచులో చాలాసేపు నిలబడింది.

"సముద్రం ఇలా ఉండదమ్మా" అంది చివరికి.

పెద్దామె మొహం చిన్నబోయింది. "మరి ఎలా ఉంటుంది?"

"దాని మీద బతికేవాళ్ళకి భయంగా ఉంటుంది. నా కలలో మాత్రం అచ్చం ఇలాగే ఉంటుంది."

తోటికోడళ్ళు ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. మర్నాడు ఆమె బస్సెక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. వీధి చివర తాళం పడ్డ ఇల్లు అద్దెకు తీసుకుంది. ఆ పిల్లల కోసం బడి తలుపులు తెరిచారు. వాళ్ళిద్దరూ అక్షరాలు దిద్దుతుంటే, కిటికీ బయట చేపలు నింపాదిగా వెళుతున్నాయి.